వేలికంటిన రజను

మా దగ్గర ఎండని జ్వరం కొలిచే డిగ్రీల్లోనే కొలుస్తారు. నూట ఐదంటే మనిషికి సంధి పుడుతుంది. ఎడారి మధ్యలో ఉన్న మా గీలా బెండ్ ఊరికి అది పొద్దుటి పలకరింపు. "ఊరికి జ్వరమా, ఊరికే జ్వరమా?" అని నేను నడిపే స్కూలు బస్సులో పిల్లల్ని అడుగుతూ ఉండేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. ఒకదానికి నవ్వితే ఇంకోటి వస్తుందని వాళ్ళకి తెలుసు.

నా పేరు ఎలీసియో. పిలవడం మాత్రం అందరూ చేయో అని పిలుస్తారు. పేరులోనే చెయ్యి ఉంది కనక నా పని నేనే చేసుకుంటానుగానీ ఒకడి చేత చేయించుకోనని ఊరంతా చాటేవాణ్ణి. మా ఇంటి కప్పు నేనే వేశాను. అది కారితే కింద బకెట్టూ నేనే పెట్టాను. బళ్ళ మీద చెయ్యి చేసుకోవడం చిన్నప్పటి నుంచీ నాకున్న అలవాటు. ఆ వేసవిలో ఆ అలవాటే మా ఇంటి మీద చెయ్యి చేసుకుంది.

జూన్ మొదటివారం. బడికి సెలవులు, బస్సుకి సెలవులు, నాకు మాత్రం అత్తగారు. మా ఆవిడ గ్రసియేలా తల్లి ఆవిడ. పేరు ఓఫెలియా, గౌరవానికి దోన్యా ఓఫెలియా అంటాం. డెబ్బై నాలుగేళ్ళు. మూత్రపిండాలు రెండూ రాజీనామా ఇచ్చి అప్పటికి మూడేళ్ళు. మంగళ, గురు, శనివారాల్లో ముప్పై అయిదు మైళ్ళవతల, బకైలో, ఒక కుర్చీలో నాలుగు గంటలు కూర్చోబెట్టి ఒంట్లో రక్తమంతా మిషన్లోకి తీసి, కడిగి, తిరిగి ఎక్కించేవాళ్ళు. ఎక్కితే దిగబుద్ధి కాని కుర్చీలు లోకంలో చాలా ఉన్నాయి. ఎక్కకపోతే లోకంలోంచే దింపేసే కుర్చీ అది. గ్రసియేలా హైవే పక్కన లారీలవాళ్ళు ఆగే హోటల్లో వంట చేస్తుంది కాబట్టి, తీసుకెళ్ళి తీసుకొచ్చే పని నాది.

ఒక గురువారం దారిలో ఉండగా బానెట్ కింద గులకరాళ్ళు రుబ్బినట్టు గరగరమని చప్పుడైంది. ఆ వెనకే చల్లగాలి కాస్తా పెనం మీది గాలి అయిపోయింది.

"ఏమైంది?" వెనక సీట్లోంచి అత్తగారు.

"ఏసీ కంప్రెసర్ పోయింది, దోన్యా. ఏసీ అంటే ఇక ఏం చేసీ లాభం లేదని."

"ఫెర్మీన్‌ని చేసుకుని ఉంటే నా పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండేది."

ఈ మాట ఆవిడ ముప్పై ఏళ్ళుగా అంటోంది. మా ఊళ్ళో బళ్ళ ఏసీలు బాగుచేసే షాపు ఫెర్మీన్‌ది. పెళ్ళికి ముందు రెండేళ్ళపాటు గ్రసియేలా చుట్టూ అతను తిరిగాడు. తర్వాత నేను తిరిగాను. నాకు పిల్ల దొరికింది, అతనికి షాపు దొరికింది. ఇన్నేళ్ళలో అతను నాకు ఒక్క చెడు చెయ్యలేదు, వెనకాల ఒక్క చెడ్డమాట అనలేదు. నాకు గిట్టనిది అదే.

శనివారం అద్దాలన్నీ దించి, తడి తువ్వాలు అత్తగారి మెడకి చుట్టి తీసుకెళ్ళాను. వెళ్ళడం వెళ్ళింది. కుర్చీలోంచి లేస్తూ లేస్తూ కూలబడింది. అక్కడి నర్సు మారివిక్ పొట్టి మనిషి, మాట మాత్రం పొట్టి కాదు. నన్ను పక్కకి పిలిచింది.

"రక్తం కడిగాక ఈవిడ బీపీ తొంభై దాటట్లేదండీ. ఈ స్థితిలో వేడి బండిలో కూర్చోబెడితే దారిలోనే పోతుంది. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. మంగళవారం చల్లటి బండిలో తీసుకురాగలరా, వ్యాను మాట్లాడమంటారా?"

వ్యానంటే అత్తగారు ఒప్పుకోదు. ఒకసారి ఎక్కింది. తెల్లారకముందు ఎక్కించుకుని, పదిమందిని పది ఊళ్ళలో దింపి, మధ్యాహ్నం మూడింటికి తెచ్చి పడేశారు. "ఆ వ్యానులో శవాలకి ఎదురుచూపులు నేర్పుతారు," అంది.

"మంగళవారానికి మంచుగడ్డలా ఉంటుంది బండి," అన్నాను నర్సుతో.

ఆవిడ కాస్త తేరుకున్నాక తడి తువ్వాళ్ళతోనే ఇంటికి చేర్చి, ఆ సాయంత్రం ఫెర్మీన్ షాపుకి వెళ్ళాను. పని చేయించుకోవడానికి కాదు. పోయింది కంప్రెసరేనని అతని నోటితో ఒకసారి అనిపించుకుంటే చాలని. అతను బానెట్ ఎత్తి, ఇంజను ఒక్క క్షణం నడిపించి విన్నాడు. ఎదుటి మనిషి మాటైనా ఇంజను మాటైనా పూర్తిగా వినే జబ్బు అతనికుంది.

"గరగరమని పోయిందా, గమ్మున పోయిందా?"

"గరగరా."

"అయితే లోపల అరిగి లోహపు రజను కక్కి చచ్చింది. గొట్టం విప్పాక లోపల వేలు పెట్టి చూడు. వేలికి మెరుపు అంటకపోతే కంప్రెసర్ ఒక్కటి మారిస్తే చాలు. అంటిందా, ఇంక దాంతో ఆటలొద్దు. రేడియేటర్ ముందున్న కండెన్సర్ మార్చాలి. దాని పక్కన తేమ పీల్చే డ్రయ్యర్ డబ్బా మార్చాలి. గొట్టాలు కడగాలి. లేకపోతే ఆ రజనంతా పోయి కొత్త కంప్రెసర్‌ని తినేస్తుంది. నెలో, నెలన్నరో."

"తింటే మళ్ళీ వడ్డిస్తాం."

అతను నవ్వలేదు. "ఈ బండికి బెల్టు ఒక్కటే, చేయో. కంప్రెసర్ బిగుసుకుంటే బెల్టు తెగుతుంది. బెల్టు తెగితే నీళ్ళ పంపూ తిరగదు, ఇంజనూ ఉండదు. రోడ్డు మీద ఎక్కడుంటే అక్కడే. బండి ఇక్కడ పెట్టి వెళ్ళు. సామాను బుధవారానికి తెప్పిస్తాను. మంగళవారం దోన్యాని నా పికప్‌లో తీసుకెళ్ళు. చల్లగా ఉంటుంది."

"నీ పికప్ ఎక్కితే మా అత్తగారు మళ్ళీ దిగదు ఫెర్మీన్. ముప్పై ఏళ్ళ కోరిక ఆవిడది."

"పెద్దావిడ విషయం ఇది. నా విషయమో నీ విషయమో కాదు."

"నాకు రెండు చేతులున్నాయి," అని తాళాలు తీసుకున్నాను.

ఇంటికొస్తే గ్రసియేలా వాకిట్లోనే ఉంది. "ఏమన్నాడు?"

"కంప్రెసర్ మార్చాలన్నాడు."

"అంతేనా?"

"అంతే."

నేను ఇంతింత మాటలు చెప్పే మనిషిని. ఆ ఒక్కచోట మాత్రం క్లుప్తత అలవడింది.

ఆదివారం బకై వెళ్ళి స్పేర్‌పార్టుల కొట్లో కొత్త కంప్రెసర్ కొన్నాను. గాలి లాగే పంపూ, గ్యాసు గేజీలూ అక్కడే అడిగితే పని అయ్యేదాకా వాడుకోవడానికి ఇస్తారు. కౌంటర్లో లవెర్న్ అనే ఆవిడ కళ్ళజోడు మీంచి చూసి, "డ్రయ్యర్ కూడా కొనాలి నాయనా. దాని రసీదు లేకపోతే రేపు కంప్రెసర్ గ్యారంటీ చెల్లదు," అంది. అదీ కొన్నాను. కండెన్సర్ మాత్రం అడగలేదు. వేలు పెట్టి చూడకముందే మెరుపు ఉందనుకోవడం అపశకునం కదా అనుకున్నాను. శకునాలు నమ్మడం ఆ రోజే మొదలుపెట్టాను.

మా దగ్గర ఎండాకాలం బయటి పనికి రోజంటే నాలుగున్నర నుంచి ఎనిమిది వరకే. కప్పులు వేసేవాళ్ళూ, గోడలు కట్టేవాళ్ళూ, పొలాల్లోవాళ్ళూ అందరికీ అదే గంట. ఎనిమిది దాటితే పానా చేతిని పట్టుకుంటుంది, చెయ్యి పానాని కాదు. ఆ గంటకి ఎంత అయితే అంతటితో సరి. మిగిలింది రేపు, లేదా అక్టోబరు. మా ఊరి సగం పనులు అక్టోబరులోనే ఉంటాయి.

సోమవారం చీకటి విడుతుండగా పాత కంప్రెసర్ దింపాను. అత్తగారు మంచుముక్కల కప్పు పట్టుకుని అరుగు మీద కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆవిడకి రోజుకి నాలుగు కప్పులకి మించి నీళ్ళు పనికిరావు. అందుకని మంచుముక్క చప్పరిస్తూ కాలక్షేపం చేసేది.

కండెన్సర్‌కి పోయే గొట్టం విప్పి, చూపుడువేలు లోపల పెట్టి తిప్పి, తీశాను.

సూర్యుడు అప్పుడే కొండ మీదికి ఎక్కాడు. వేలి చివర బూడిదరంగు నూనె. ఆ నూనెలో మెరుపు.

"ఏమిటది, వేలు చూసుకుంటున్నావు?" అంది అత్తగారు.

"మెరుగు పెడుతున్నారు దోన్యా. పెళ్ళికొడుకుని చేస్తున్నారు నన్ను."

"మొదటిసారే పొరపాటు జరిగింది. రెండోసారెందుకు?" అని గలగలా నవ్వింది.

నేనూ నవ్వాను. వేలు ప్యాంటుకి తుడుచుకున్నాను.

డ్రయ్యర్ ముందు బంపర్ వెనకాల ఉంటుంది. బంపర్ తియ్యాలంటే ఆరు బోల్టులు. మొదటిది వచ్చింది. రెండోది తుప్పుకి అతుక్కుపోయి, బలం పెడితే తల ఊడి చేతికొచ్చింది. ఎనిమిది కావడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. నీడ గోడ కిందికి పోయింది. ఇంట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి, గొట్టాల్లోకి ఒక డబ్బా కడిగే మందు కొట్టాను. అటు నుంచి బూడిద నీళ్ళొచ్చాయి. తెల్లటి నీళ్ళొచ్చేదాకా కొట్టాలి. డబ్బా ఒక్కటే ఉంది. కొత్త డ్రయ్యర్ పెట్టెను పెట్టెగానే తీసుకెళ్ళి గరాజు అటక మీద పెట్టాను. అక్టోబరులో చూద్దాం అనుకున్నాను.

మంగళవారం తెల్లవారుజామున కొత్త కంప్రెసర్ బిగించి, గాలి లాగి, గ్యాసు ఎక్కించి, మీట తిప్పాను. డాష్‌బోర్డు కంతల్లోంచి వచ్చిన గాలికి నా నుదుటి చెమట చల్లబడింది. అంత చల్లదనం ఆ బండి కొత్తగా ఉన్నప్పుడైనా ఇవ్వలేదు.

 బకై దారిలో సగం దూరం అత్తగారు ముసుగు సవరించుకుని, రెండు అరచేతులూ గాలికి అడ్డం పెట్టి కూర్చుంది. ఆ తర్వాత మెల్లిగా, "నీ కడుపు చల్లగా ఉండ, అల్లుడా," అంది. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఫెర్మీన్ పేరు లేకుండా నాతో మాట్లాడిన మొదటి మంచిమాట. నేను ఏదో ఛలోక్తి వెయ్యబోయి మానేశాను.

అయిదు వారాలు మా ఇంట్లో నేను రాజుని. గ్రసియేలా హోటల్లో అందరికీ చెప్పింది. ఫెర్మీన్ షాపు ముందు నుంచి పోయేటప్పుడు రెండుసార్లు హారన్ కొట్టేవాణ్ణి. అతను పానా ఎత్తి చూపేవాడు. జూలై రెండో వారంలో బానెట్ కింద సన్నటి ఈల మొదలైంది. దోమ పాడినంత. నేను రేడియో పెంచాను.

"ఏమిటా కీచు?" అంది అత్తగారు ఒకరోజు.

"కొత్త కంప్రెసర్ కదా దోన్యా, సంగీతం నేర్చుకుంటోంది."

ఆ గురువారం మధ్యాహ్నం రెండుంపావు. ఎండ నూట పదహారు. శుభకార్యాల్లో చదివించే లెక్క అది. మాకూ చదివించింది. బకై నుంచి వెనక్కి వస్తూ పదిహేను మైళ్ళు దాటాం. ఈల ఆగింది. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. తర్వాత రబ్బరు కాలిన వాసన, బానెట్ కింద కొరడా దెబ్బ లాంటి చప్పుడు, స్టీరింగు రాయిలా బిగుసుకోవడం, అన్నీ ఒకేసారి. బండిని రోడ్డు పక్కకి ఈడ్చగలిగాను.

బానెట్ ఎత్తాను. బెల్టు పేలికలై ఉంది. కంప్రెసర్ చక్రం మాడి నీలంగా ఉంది. నేను చూసేది ఏమీ లేదు, అయినా చూస్తూ నిలబడ్డాను.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. పెద్ద రోడ్డు మీద ట్రక్కు తిరగబడిందట, అరగంట పైనే పడుతుందన్నారు. నాలుగు తలుపులూ తెరిచాను. అటూ ఇటూ నడుమెత్తు పొదలు. వాటి నీడ వాటికే చాలదు. అద్దానికి అడ్డం పెట్టే అట్ట తీసి అత్తగారి నెత్తిన పట్టుకుని నిలబడ్డాను.

"నీళ్ళు తాగండి దోన్యా."

"వద్దు. ఇవాళ్టి నాలుగు కప్పులూ అయిపోయాయి."

"ఇవాళ లెక్క లేదు. తాగండి."

"మూడేళ్ళు లెక్క తప్పలేదు," అంది. నీళ్ళు తువ్వాలు మీద పోసి ఆవిడ మెడకి చుట్టాను. నిమిషంలో ఆరిపోయింది. మళ్ళీ పోశాను. రోడ్డు మీద బళ్ళు వెళ్తూనే ఉన్నాయి. చెయ్యెత్తితే హారన్ కొట్టి పోయాయి. పక్కన జైలు ఉన్న దారి అది. ఎవరికోసమూ ఆగవద్దని బోర్డులు పెట్టారు.

"అల్లుడా," అంది కాసేపటికి. "ఆ రోజు నీ వేలికి మెరిసిందే. అదేనా ఇది?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబులు పది ఉండాలి. మామూలుగా ఉంటాయి.

"అదే, దోన్యా."

"ఫెర్మీన్ ముందే చెప్పాడా?"

"చెప్పాడు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటోంది అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"గ్రసియేలాకి చెప్పకు."

"ఎందుకు?"

"నేను పోయాక దానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నీతోనే బతకాలి అది. నోరు మూసుకో. నీకది చాతకాదని తెలుసు. ఈ ఒక్కసారికి నేర్చుకో."

"మీరెక్కడికి పోతారు? పోవడానికైనా బండి కావాలి కదా," అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. ఆవిడ పెదవి కొంచెం కదిలింది. నవ్వో, దాహమో.

ఆ తర్వాత ఆవిడ నుదుటి మీద చెమట ఆగిపోయింది. చెమట పట్టడం ఆగితే ఏమిటో ఈ ఊళ్ళో పసివాళ్ళకైనా తెలుసు. నేను ఆవిడ పేరు పెట్టి పిలిచాను. దోన్యా లేకుండా, అమ్మా అని కూడా పిలిచాను. ఇరవై అయిదో నిమిషానో, ముప్పయ్యో నిమిషానో పుచ్చకాయల లారీ ఒకటి బోర్డుని లెక్కచెయ్యకుండా ఆగింది. ఆ డ్రైవరు ఎవరో కుర్రవాడు కాదు, నా వయసువాడే. ఒక్కమాట అడగలేదు. ఆవిణ్ణి రెండు చేతుల మీద ఎత్తి తన క్యాబిన్లో పడుకోబెట్టాడు. లోపల చల్లగా ఉంది. అంబులెన్సు ఎదురయ్యేదాకా ఆవిడ తల నా ఒళ్ళో ఉంది, ఆ చల్లటి గాలి మా ఇద్దరి మీదా కొడుతూనే ఉంది.

శనివారం పొద్దున ఆస్పత్రిలో పోయింది. సోమవారానికల్లా బకైలో ఆ కుర్చీ వేరే ఎవరికో ఇచ్చేశారు.

బండిని ఫెర్మీన్ లాక్కొచ్చి తన షాపులో పెట్టాడు. ఖననం అయిన మర్నాడు గ్రసియేలా అక్కడికి వెళ్దామంది. నేను వద్దన్నాను. "ఏం జరిగిందో నాకు తెలియాలి," అని నడక మొదలుపెట్టింది. ఆవిడ వెనకే నడిచాను.

కంప్రెసర్ విప్పి బల్ల మీద పెట్టి ఉంది. పక్కనే కండెన్సర్, దాని పక్కన పాత డ్రయ్యర్, తుప్పు పట్టి, పానా తగలని బోల్టులతో. ఫెర్మీన్ బొటనవేలు బూడిదరంగులో మెరుస్తోంది.

"ఎందుకు ఆగిపోయింది?" అని అడిగింది గ్రసియేలా.

అతను నా వైపు చూశాడు. చూపు చాలాసేపు ఉండలేదు. ఏదైనా పూర్తిగా వినే మనిషి కదా, నేను చెప్పనిదీ విన్నాడు.

"ఈమధ్య వచ్చే సరుకే అంత, గ్రసియేలా. ఎవరు బిగించినా ఇంతే." ఆ వేలు గుడ్డకి తుడుచుకున్నాడు.

పోయినవాళ్ళ కోసం మాకు తొమ్మిది రోజులు సాయంత్రం పూట ఇంట్లో జపం ఉంటుంది. జనం వస్తారు, జపమాల తిప్పుతారు, తర్వాత కాఫీ, తీపి రొట్టె. వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగిందని అడుగుతారు. గ్రసియేలా ప్రతివాళ్ళకీ చెప్పింది. మొదటిరోజు ఏడుస్తూ చెప్పింది. మూడోరోజుకి ఏడుపు తగ్గింది, మాటలు కుదురుకున్నాయి. "సరుకే చెడ్డది. ఫెర్మీనే స్వయంగా చెప్పాడు. ఎవరు బిగించినా ఇంతేనట. పాపం చేయో ఎంత కష్టపడి బిగించాడో." ఆ మాట అన్నప్పుడల్లా నా వీపు మీద చెయ్యి వేసేది. ఆ చెయ్యి బరువు రోజురోజుకీ పెరిగింది. ఆరోరోజుకి నేను కాఫీ పోసే నెపంతో వంటింట్లోనే ఉండిపోయాను. అక్కడికీ వినబడేది.

తొమ్మిదోరోజు దేశం సరిహద్దు అవతల నుంచి అత్తగారి చెల్లెలు హసింతా పిన్ని వచ్చింది. చివరి జపం అయింది. ఫెర్మీన్ తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. గ్రసియేలా కాఫీ అందిస్తూ పిన్నికి మొదటి నుంచీ చెప్పింది.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం ఏం చేస్తావు నాయనా? నీ చేతిలో ఏముంది? అక్కకి నీలాంటి అల్లుడు దొరకడమే..."

"సరుకు మంచిదే, పిన్నీ," అన్నాను.

గొంతు పెద్దది నాది. గదిలో అందరికీ వినబడింది. తలుపు దగ్గర ఫెర్మీన్ తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు. ఇంక ఆగలేకపోయాను. వేలు పెట్టి చూశానని చెప్పాను. మెరిసిందని చెప్పాను. మార్చాల్సినవి మార్చలేదనీ, ఫెర్మీన్ ముందే చెప్పాడనీ, పికప్ ఇస్తానన్నాడనీ చెప్పాను. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపడం నాకు ఎప్పుడూ రాదు.

 గ్రసియేలా కాఫీ పొయ్యడం ఆపలేదు. మిగిలిన నాలుగు కప్పులూ నింపింది. పిన్నికి ఒకటి, పక్కింటావిడకి ఒకటి, తలుపుదాకా వెళ్ళి ఫెర్మీన్‌కి ఒకటి. నాలుగోది నాకిచ్చింది. 

జనం వెళ్ళాక ఇంకా ఎండ పూర్తిగా వాలలేదు. ఆవిడ కప్పులు కడుగుతోంది. నేను తుడుస్తానని గుడ్డ తీసుకుంటే ఇచ్చింది.

"ఇది అమ్మకి తెలుసా?"

"తెలుసు. బండిలో అడిగింది."

"ఏమంది?"

"నీకు చెప్పొద్దంది."

కుళాయి కట్టేసింది. "ఒక్కసారైనా అమ్మ మాట విని ఉండాల్సింది నువ్వు."

"దాచి ఎలా ఉండమంటావు గ్రసియేలా? నువ్వు అందరికీ అలా చెబుతుంటే..."

"తొమ్మిది రోజులూ అందరికీ చెబుతున్నాననుకున్నావా?" అంది. నా వైపు తిరగలేదు, కిటికీలోంచి చూస్తోంది. "నాకు నేను చెప్పుకున్నాను. ఇవాళ్టికి కొంచెం నమ్మకం కుదిరింది. ఇంకో నెల చెప్పుకుంటే పూర్తిగా కుదిరేది. నీ గుండె బరువు దింపుకోవడానికి నా చేతిలోది లాక్కున్నావు. ఇప్పుడు నేనేం చెప్పుకోను?"

చేతులు తుడుచుకుని తల్లి గదిలోకి వెళ్ళింది. ఆ గదిలోనే ఉంటోంది ఇప్పటికీ.

ఇది జరిగి రెండేళ్ళు. పేరుకి ఒక ఇల్లే. వంట చేస్తుంది, పిలుస్తుంది, తింటాం. బడి తెరిచాక పిల్లలు ఎక్కారు, దిగారు. బస్సులో నేనేమీ అనడం లేదేమని ఒక పిల్ల అడిగితే గొంతు బాగోలేదని చెప్పాను. బండిని ఫెర్మీన్ అన్నీ మార్చి బాగుచేశాడు. ఇప్పుడు చాలా చల్లగా వస్తుందని తనే అన్నాడు. మేము చూడలేదు.

ఆదివారాలు గ్రసియేలా ఆ బండిలో తల్లి సమాధి దగ్గరికి వెళ్తుంది. తనే నడుపుతుంది. నన్ను రమ్మని అనదు, వద్దనీ అనదు. నేను పక్కన ఎక్కుతాను. జూలైలోనైనా నాలుగు అద్దాలూ కిందికి దించుతుంది, ఏసీ మీట జోలికి పోదు. నేనూ పోను. వేడిగాలి హోరుమని కొడుతుంది. ఆ హోరులో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడదు. మా ఇద్దరికీ అదే నయం.